పప్పులు ఉడకాలంటే: అపరాల మాంసకృత్తులపై ఒక పరిశీలన

తెలుగువాడి మాటల్లో పప్పు చేరినంతగా మరే తిండి పదార్థమూ చేరలేదేమో! పెళ్ళెప్పుడని అడగడానికి "పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" అంటాం. పొరబడ్డవాణ్ణి పప్పులో కాలేశాడంటాం. ఎత్తు పారకపోతే పప్పులుడకలేదంటాం. ఇంతగా నోట్లో నానే పప్పు హాస్టలు కంచంలోకి వచ్చేసరికి మాత్రం పల్చబడిపోతుంది. గరిటె అడుగుదాకా ముంచి తిప్పినా బద్ద తగలని పప్పుచారు మనలో ఎవరికి తెలియదు? ఇది నవ్వుకుని వదిలేసే సంగతా, లేక ఒంటికి సంబంధించిన సంగతా అన్నది లెక్క కట్టి చూద్దామనే ఈ వ్యాసం.

సాగరు నీళ్ళు వచ్చాక

మాది సూర్యాపేట వైపు. ఆ ప్రాంతపు తిండి మాట చెప్పాలంటే నాగార్జునసాగరు నుంచి మొదలుపెట్టాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. దాని కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట చేలు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పెట్టింది పేరయింది.

మెట్ట సేద్యంలో జొన్న సాళ్ళ మధ్య కంది సాలు ఉండేది. పెసర్లు, బొబ్బెర్లు, ఉలవలు ఇంట్లో గింజలే. సాయంత్రం పిల్లల చేతిలో గుడాలు పడేవి. కాలువ వచ్చి అన్నం పెంచింది, ఆకలి తగ్గించింది. అది చిన్న మేలు కాదు. కానీ నీళ్ళు నిలిచే మడిలో కంది బతకదు. చేలో పండే పప్పు కొట్లో కొనే సరుకైంది. పండించుకున్నది తినడానికి ఆలోచించనివాడు కూడా కొనుక్కున్నది వండడానికి చెయ్యి వెనకాడతాడు కదా!

కంచంలో లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనకు దగ్గరలో ఉన్న పెద్ద విద్యాస్థానం. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆధ్వర్యంలో బెరిబెరి విచారణగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ సంస్థ ప్రకటించిన పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల్లో మాంసకృత్తులు ఇలా ఉన్నాయి: మిల్లు బియ్యంలో 6.8 గ్రాములు, జొన్నల్లో 10.4, కందిపప్పులో 22.3, పెసరపప్పులో 24.5, మినపప్పులో 24, శనగపప్పులో 20.8, ఉలవల్లో 22, పల్లీల్లో 25.3, సోయాలో 43.2.

పరిమాణం ఒక్కటే చాలదు, గుణమూ చూడాలి. మాంసకృత్తులంటే అమినో ఆమ్లాల దండలు. వాటిలో కొన్నిటిని మన శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో లైసిన్ తక్కువ. అపరాల్లో లైసిన్ దండి, మెథియోనిన్ తక్కువ. బియ్యంలో మెథియోనిన్‌కు అంత కొరత లేదు. ఒకరి లోటు ఒకరు పూడ్చుకునే కాపురం పప్పన్నం. పెళ్ళి భోజనానికి ఆ పేరు పెట్టినవాళ్ళకు ఈ రసాయనం తెలియదు గానీ పేరు మాత్రం సరిగ్గానే కుదిరింది!

60 కిలోల విద్యార్థిని తీసుకుందాం. కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 1800 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. 400 గ్రాముల బియ్యంలో 27 గ్రాముల మాంసకృత్తులు, అందులో సుమారు 1000 మిల్లీగ్రాముల లైసిన్. అంటే కడుపు నిండినా సగం చిల్లరే చేరింది. దానికి 60 గ్రాముల కందిపప్పు కలిపితే మరో 900 వస్తుంది, లెక్క సరిపోతుంది. పల్చటి చారులో 20 గ్రాములే పడితే వచ్చేది 300. అక్కడ తేలుతుంది బద్ద విలువ.

మొత్తం మాంసకృత్తుల మాటేమిటి? 2020 నాటి సిఫారసు కిలోకు 0.83 గ్రాములు. మన విద్యార్థికి 50. బియ్యం, పప్పు కలిసి 40 ఇస్తాయి. మిగతాది పెరుగో, గుడ్డో, గుప్పెడు పల్లీలో పూరించాలి. అందుకే ఆ సిఫారసుల్లో ధాన్యం మూడు పాళ్ళు, అపరాలు ఒక పాలు, పాలు రెండున్నర పాళ్ళు ఉండాలన్నారు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మాంసకృత్తులే సర్వరోగనివారిణి అనుకోకూడదు. 1960లలో ప్రపంచమంతా 'మాంసకృత్తుల కొరత' అని గగ్గోలు పెట్టినప్పుడు, మన పిల్లలకు మొదటి కొరత మొత్తం తిండిలోనే ఉందని డాక్టర్ సి. గోపాలన్ వాదించారు. 310 కేలరీలతో, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే ఉన్న అదనపు ఆహారంతో కూడా పిల్లల పెరుగుదల మెరుగుపడిందని ఆయన బృందం 1973లో ప్రచురించింది. కడుపు నిండకపోతే శరీరం మాంసకృత్తులనూ వంటచెరకులాగా కాల్చేస్తుంది. కనుక ముందు అన్నం, ఆ అన్నంతో పప్పు. రెండూ కావాలి.

ఎందుకు ఉడకదు?

"బోరు నీళ్ళల్లో పప్పు ఉడకదు, మంచినీళ్ళు పొయ్యి" అని మావైపు ఆడవాళ్ళు అంటుంటారు. శాస్త్రం వాళ్ళ పక్షమే. గింజలోని కణాలను అంటిపెట్టే జిగురు పెక్టిన్. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం దానితో కలిసి కరగని బంధం వేస్తాయి. బద్ద విడిపోదు. చింతపండు ముందే వేసినా అంతే, పులుపులో పెక్టిన్ త్వరగా కరగదు. అందుకే పప్పు మెదిగాకే పులుపు వేస్తారు. వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది గానీ థయమిన్ అనే బి విటమిన్ నశిస్తుంది. నానబెట్టడమే మేలు.

ఉడకడం రుచి కోసమే కాదు. పచ్చి గింజలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి. ట్రిప్సిన్ మాంసకృత్తులను జీర్ణంచేసే ఎంజైము. చాలామటుకు ఈ అడ్డంకులను వేడి తీసేస్తుంది. మొలకెత్తిస్తే ఇనుము, జింకులను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. కడుపుబ్బరం తెచ్చే రాఫినోజ్ జాతి చక్కెరలూ తగ్గుతాయి. అయితే అన్ని గింజలూ ఇంత సులభంగా లొంగవు. కేసరి పప్పే ముఖ్యాహారమైనచోట కాళ్ళు పడిపోయే లాథిరిజం వచ్చేది. దానికి కారణమైన విషాన్ని 1964లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మగార్లు వేరుచేసి చూపారు. ఆ రావుగారే తర్వాత ఉస్మానియాలో ఆచార్యులయ్యారు.

ప్రయోగశాలలో పెసర

పెసర మాంసకృత్తిని కళ్ళారా చూడాలనుకునే మిత్రులు ఈ ప్రయోగం చేయవచ్చు. 50 గ్రాముల పెసరపిండిని అర లీటరు నీళ్ళలో కలిపి, పలచటి కాస్టిక్ సోడాతో పి.హెచ్. 9 దగ్గరకు తేవాలి. అరగంట తిప్పి, బట్టలో వడగట్టి, పిండిపదార్థం అడుగుకు దిగనివ్వాలి. పైతేటను వంపుకుని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తే, పి.హెచ్. 4.5 దగ్గర అది పాలు విరిగినట్టు విరుగుతుంది. ఆ స్థితిలో మాంసకృత్తి అణువుల మీది ధన, రుణ విద్యుదావేశాలు సరిసమానమవుతాయి. ఒకదాన్నొకటి తోసుకోవడం మాని గుమిగూడతాయి. ఆ విరుగును కడిగి ఆరబెడితే నూటికి 80 పాళ్ళకు మించిన మాంసకృత్తుల పొడి తయారుచేయవచ్చు. అమెరికాలో పెసర మాంసకృత్తితో కోడిగుడ్డు లేని 'గుడ్డు'ను అమ్ముతున్నారు. మన హాస్టళ్ళకు చిరపరిచితమైన మీల్ మేకరు కూడా నూనె తీసిన సోయాపిండే.

పల్లెకు మాత్రం ఇంత యంత్రాంగం అక్కర్లేదు. పోషకాహార సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' చూడండి. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, పల్లీలు 10, బెల్లం 20. అంతే! 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. ఏ వంటింట్లోనైనా దంచుకోవచ్చు.

మనం చేయగల పని

పరిశోధన అంటే పట్నంలోనే జరగాలని లేదు. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ కందిని, శనగను, పల్లీని తన పంటలుగా చేపట్టింది. ఆ గింజ మన వంటింట్లో ఏమవుతుందో చూడవలసింది మనం. కోదాడ బోరునీళ్ళలో, కాలువనీళ్ళలో ఒకే కందిపప్పు ఎన్ని నిమిషాలకు ఉడుకుతుంది? మిర్యాలగూడ మిల్లుల తవుడు నూనె తీశాక పశువుల దాణాగా పోతోంది. అందులోని మాంసకృత్తిని మనిషి తిండికి మళ్ళించవచ్చా? కృష్ణా డెల్టాలో వరి కోయకముందే మినుము చల్లి తేమ మీద పండిస్తారు. ఎడమ కాలువ కింద ఏ నేలలో అది కుదురుతుంది? ఒక్కొక్కటీ ఒక ప్రాజెక్టుకు తగిన ప్రశ్నే. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గడియారం, త్రాసు, ఓపిక చాలు.

హాస్టలు మెస్ కమిటీలో ఉన్న మిత్రులకు ఒక్క మనవి. ఈసారి పద్దు రాసేటప్పుడు కూరల రకాలు లెక్కపెట్టే ముందు మనిషికి ఎన్ని గ్రాముల పప్పు పడుతోందో తూచి, ఆ అంకెను నోటీసు బోర్డు మీద పెట్టండి. 60 చేరేదాకా అడుగుతూనే ఉందాం.