కాంగ్రెస్ గడ్డి, కేమమైల్ సీరమ్

తిరుపతి

చిరంజీవి స్రవంతికి,

నువ్వు పంపిన సీరమ్ డబ్బా ఫోటోలు చూసినాను. "మొత్తం మొక్కలతోనే చేసిందంట, కెమికల్ ఏమీ లేదంట, వాడొచ్చా అత్తా?" అని అడిగినావు. ఫోన్లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా. ఇన్నేళ్లు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసినదాన్ని, ఏ సీసా అయినా ముందు వెనక్కి తిప్పి చదవడం నాకు అలవాటైపోయింది.

నా మాట ముందే చెప్తా పాపా. ఆ సీసా నీకు వద్దు. అందరికీ వద్దని కాదు, నీకు వద్దు. ఆ సన్న అక్షరాల మధ్యలో కేమమైల్ సారం ఉంది, కలెండులా సారం ఉంది. దామలచెరువు తోటలో కాంగ్రెస్ గడ్డి పెరికిన ప్రతిసారీ నీ ముంజేతులు, మెడ, కనురెప్పలు ఎట్లా ఎర్రబడి దురద పెడతాయో నీకే బాగా తెలుసు.

ఆ గడ్డినే వయ్యారిభామ అంటారు, పుస్తకాల్లో పార్థీనియం. 1950లలో మన దేశంలో పుణె దగ్గర మొదట గుర్తుపట్టిన కలుపు అది. ఇప్పుడు రోడ్డు పక్కన, రైలు పట్టాల వెంబడి, బీడు పడిన ప్రతి చేనులో ఉంది. మన దేశంలో మొక్కల వల్ల వచ్చే చర్మ ఎలర్జీల్లో దానిదే పెద్ద వాటా. దాని ఆకుల మీది నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండిన ఆకు పొడై గాలికి లేచి ముఖాన పడినా చాలు, పడనివాళ్లకు దద్దుర్లు లేస్తాయి. కేమమైల్, కలెండులా, ఆర్నికా, మన పలమనేరు వైపు పండించే చామంతి, బంతి, ఇవన్నీ పార్థీనియం ఉన్న కుటుంబంలోవే. పార్థెనిన్‌కు దగ్గరి పదార్థాలు వీటిలో కొన్నింట్లోనూ ఉంటాయి. ఒకదాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకున్న చర్మం, దాని పోలిక ఉన్న ఇంకోదాని మీద కూడా తిరగబడొచ్చు. కచ్చితంగా తిరగబడుతుందని నేను అనను. కాంగ్రెస్ గడ్డి పడనివాళ్లలో చామంతి తలలో పెట్టుకుని హాయిగా తిరిగేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ పరీక్ష నీ ముఖం మీద చేసుకోవడం నాకు ఇష్టం లేదు. చర్మాన్ని చల్లబరుస్తుందని డబ్బా ముందు బొమ్మ వేసిన పువ్వే నీకు మంట తెచ్చిపెట్టొచ్చు.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదన్న మాట ఉమ్మడి చిత్తూరు జిల్లా బిడ్డ నమ్మకూడదు. తోతాపురి కోతలప్పుడు కూలీల చేతుల మీద, పెదాల పక్కన నల్లగా కమిలిన మచ్చలు నువ్వు చూడలేదా? మామిడి సొన చేసే పని అది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి, జీడిమామిడి పెంకులోని నూనె, మామిడి సొన, మూడింట్లోనూ చర్మాన్ని కాల్చేవి దగ్గరి చుట్టాలే. అదే మామిడి టెంకలోని జీడి నుంచి తీసిన కొవ్వును క్రీముల్లో 'మ్యాంగిఫెరా ఇండికా సీడ్ బటర్' అని వాడతారు, అది చాలామందికి పడుతుంది. చెట్టు ఒకటే. ఏ భాగం, ఎట్లా తీసినారు, ఎంత కలిపినారు అన్నదాన్ని బట్టి మంచీ చెడూ మారిపోతాయి. "కెమికల్ లేదు" అని రాసినవాళ్లు ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పలేదు. నీళ్లు కూడా కెమికలే కదా అమ్మణ్ణీ.

ఆ జాబితాలో 'టెరోకార్పస్ శాంటాలినస్' చూసి నీకు నమ్మకం కుదిరి ఉంటుంది. మన శేషాచలం ఎర్రచందనమే అది. అయితే అది ఎక్కడ ఉందో చూడు. పదార్థాలను ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి తగ్గే వరసలో రాయాలి, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం ఎట్లయినా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను మామూలుగా ఒక శాతానికి మించి వేయరు. అందువల్ల దాని పేరు కనబడిందంటే, ఆ తర్వాత ఉన్నవన్నీ దాదాపు చిటికెడు లెక్కే. నీ సీసాలో ఎర్రచందనం దాని తర్వాతే ఉంది. డబ్బా ముందు మాత్రం అంతా అదే. ఈ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని చెట్టు, 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం ఆంక్షలున్న చెట్టు. అట్లాంటి చెట్టు పేరు అలంకారానికి వాడుకోవడం నాకు నిండా బాధగా ఉంటుంది.

ఇంక వాసన సంగతి. నిమ్మతొక్క నూనె, లావెండర్ నూనె, చివర లిమోనీన్, లినలూల్. నూనె తాజాగా ఉన్నప్పుడు ఈ చివరి రెండూ పెద్దగా ఏమీ చేయవు. మూత తీసి గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, ఎలర్జీ తెచ్చేవి అవే. మన తిరుపతి మే నెల ఎండలో, కిటికీ పక్కన పెట్టిన సీసాలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఐరోపాలో ఇట్లాంటి 26 వాసన పదార్థాల పేర్లు విడివిడిగా రాయాలని 2003లోనే పెట్టినారు. 2023లో ఆ జాబితాను ఎనభై దాటించినారు. మన డబ్బాల మీద చాలావరకు 'పర్‌ఫ్యూమ్' అన్న ఒక్క మాటే ఉంటుంది. ఆ మాట వెనక ఏముందో ఎలర్జీ వచ్చిన మనిషికి తెలిసే దారి లేకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. సబ్బు అయితే కడిగేస్తాం, సీరమ్ రాత్రంతా ముఖం మీదే ఉంటుంది. అందుకే వాసన కలిపిన సీరమ్ ఏదీ నువ్వు కొనొద్దు.

పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా రాసినారు. దానికి మోసపోవద్దు. నీళ్లు కలిసిన దేంట్లోనైనా ప్రిజర్వేటివ్ లేకుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పారాబెన్లు చర్మానికి ఎంత తక్కువగా ఎలర్జీ తెస్తాయంటే, ఏటా 'ఈ ఏటి ఎలర్జెన్' ప్రకటించే అమెరికా చర్మ ఎలర్జీ వైద్యుల సంఘం 2019లో వాటిని 'ఎలర్జెన్ కానిది' అని ఎంచింది. అదే సంఘం 2013లో ఇంకో ప్రిజర్వేటివ్ అయిన మిథైల్‌ఐసోథయాజోలినోన్‌ను ఎలర్జెన్‌గా ఎంచింది. కడగకుండా వదిలేసే క్రీముల్లో, సీరమ్‌లలో దాన్ని ఐరోపా 2017లో ఆపేసింది. భయపడాల్సిన పేరు అది. పారాబెన్ మానేసి దాన్ని వేసినవాళ్లూ ఉన్నారు.

ఎలర్జీ తక్కువ అని చెప్పుకునే 'హైపోఅలర్జెనిక్' అన్న మాటకూ విలువ ఇవ్వొద్దు. అమెరికాలో ఆ మాట వాడాలంటే పరీక్షలు చేసి చూపాలని 1975లో నియమం తెస్తే, 1977లో కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది.

మరి ఏం కొనాలి అంటావా? పేర్లు తక్కువ ఉన్నది, వాసన లేనిది. నీకు కావాల్సింది మొటిమల మచ్చలు తగ్గడమే కాబట్టి నియాసినమైడ్, గ్లిజరిన్ ఉన్నది చాలు. పది శాతం అని పెద్దగా రాసినదాని కోసం పరిగెత్తొద్దు, నాలుగైదు శాతంతోనే ఫలితం చూపిన పరిశోధనలు ఉన్నాయి, చురుకు కూడా తక్కువ.

కొన్న రోజే ముఖానికి రాయొద్దు. మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట పొద్దున, సాయంత్రం రాయి, వారం నుంచి పది రోజులు అదే చోట. రాసిన వెంటనే చురుక్కుమని కాసేపట్లో తగ్గితే అది మంట మాత్రమే. ఎలర్జీ ఆలస్యంగా వస్తుంది. ఒకటి రెండు రోజులకు, కొందరికి అంతకంటే ఆలస్యంగా, దురదతో, చిన్న పొక్కులతో లేస్తుంది. అందుకే చెవి వెనక ఒకసారి రాసి రాత్రికి బాగుందని తేల్చేయడం పరీక్ష కాదు. ఏ స్టెరాయిడ్ క్రీమూ ఆ చోట రాసి ఉండకూడదు, అది ఎలర్జీని దాచేస్తుంది. నిన్నటిదాకా పడిన వస్తువు రేపు పడకపోవచ్చు కూడా, చర్మం నేర్చుకోవడానికి టైం తీసుకుంటుంది. నిజంగా ఏది పడదో తేలాలంటే చర్మ డాక్టరు వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజులకు తీసి, మళ్లీ నాలుగో రోజు చూసే ప్యాచ్ టెస్ట్ ఒక్కటే దారి. వచ్చేటప్పుడు చెప్పు, రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి నేనే తీసుకెళ్తా. పార్థీనియం సంగతి కూడా అప్పుడే తేల్చుకుందాం.

ఇంకొక్కటి, ఇది మీ హాస్టల్ పిల్లలందరికీ చెప్పు. తెల్లబరిచే క్రీములని చేతులు మారే డబ్బాల మీద బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, విదేశీదైతే రిజిస్ట్రేషన్ నంబరు లేకుంటే ముట్టుకోవద్దు. అట్లాంటివాటిలో పాదరసం ఉండొచ్చు. మన నియమాల్లో ఇట్లాంటి క్రీముల్లో పాదరసం పది లక్షల్లో ఒక వంతు మించకూడదు, అదీ తెలియకుండా చేరినది మాత్రమే. కేరళ మలప్పురం జిల్లాలో పాదరసం ఉన్న అట్లాంటి క్రీములు వాడి మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లను డాక్టర్లు గుర్తించినారు. స్టెరాయిడ్ పూతలను కూడా 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చేసినారు, అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. వాటితో మొదటి వారం ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మానేస్తే తిరిగి మంట పుడుతుంది.

నీ సీసా ఇంకా తెరవలేదు అన్నావు కదా, బిల్లుతో పాటు తిరిగి ఇచ్చేసెయ్. కొత్తది కొనేముందు వెనకవైపు ఫోటో రవంత వెలుతురులో తీసి పంపు, ఈసారి లైసెన్సు నంబరు సగం తెగిపోయింది. తోటకు పోయినప్పుడు గడ్డి నువ్వు పెరకొద్దని మీ నాయనకు నేను ఫోన్ చేసి చెప్తా.

ఇట్లు,
మీ అత్త