అటూ ఇటూ తిరిగే ఫ్యాన్: ఎంతవరకు మేలు?

ప్రశ్న: మాది రెంటచింతల. మా అత్తగారికి 72 ఏళ్లు. మే నెలలో మధ్యాహ్నం పూట తలుపులన్నీ వేసుకుని, టేబుల్ ఫ్యాన్ మొహానికి ఎదురుగా పెట్టుకుని పడుకుంటారు. అయినా ఉక్క తగ్గలేదంటారు, కళ్లు మండుతున్నాయంటారు. ఫ్యాన్‌ని స్వింగ్‌లో పెడితే ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నిజానికి ఫ్యాన్ వల్ల గది చల్లబడదు, మనిషి చల్లబడతాడు. ఒంటిని అంటిపెట్టుకుని వేడీ తేమా నిండిన పలుచని గాలి పొర ఒకటి ఉంటుంది. ఫ్యాన్ గాలి దాన్ని తోసేస్తే చెమట త్వరగా ఆరుతుంది. లీటరు చెమట ఆవిరవుతూ సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది.

మోటారు మీది నాబ్ నొక్కి స్వింగ్‌లో పెడితే గాలి ఒక్కచోటే కొట్టకుండా గదంతా కలుస్తుంది. మంచం మీద పెద్దావిడకూ, కింద చాప మీద పిల్లలకూ అందుతుంది. పైగా వస్తూ పోతూ తగిలే గాలికి చర్మం బాగా స్పందిస్తుంది, అందుకే హాయిగా ఉంటుంది. కళ్లమంటా తగ్గవచ్చు. గాలి అదేపనిగా మొహానికి కొడితే కన్నీటి పొర ఆరిపోతుంది మరి. ఫ్యాన్‌ని తల దగ్గర కాకుండా కాళ్ల వైపు పెట్టండి.

అయితే దీనికీ ఒక హద్దుంది.

గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. అంతకంటే బాగా వేడిగా ఉన్న గాలి తగిలితే ఒంటికి వేడి ఎక్కుతుంది. యువకులైతే చెమటతో కొంత తట్టుకుంటారు. వయసు పైబడ్డవారికి చెమటే తక్కువ. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయకూడదు, డాక్టర్‌ని అడగాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎన్ని నీళ్లు తాగాలో కూడా అడిగి తెలుసుకోవాలి.

గదిలో ఒక థర్మామీటర్ తగిలించండి. 40 లోపుంటే తడిగుడ్డతో చేతులు, మెడ, కాళ్లు తుడిచి, ఆ తడి మీద ఫ్యాన్ గాలి తగలనివ్వండి. దాటితే ఫ్యాన్ ఆపి, తడిగుడ్డతో తుడుస్తూ ఇంట్లో చల్లగా ఉన్న గదికి మార్చండి. పొద్దుగూకి బయట చల్లబడ్డాక కిటికీలు తెరిచి, ఫ్యాన్‌ని కిటికీ దగ్గర లోపలి వైపు తిప్పి పెడితే చల్లగాలి లోపలికొస్తుంది.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లు తడుపుతూనే ఉండండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయవద్దు.