ప్రయాణంలో ఫోన్ పోయినా ఫైళ్లు పోకూడదంటే ఎలా?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే కాశీ, అయోధ్య, చార్‌ధామ్ అంటూ మన ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరతాయి. టికెట్లు, గుర్తింపు కార్డులు, కెమెరా, ఫోన్ నంబర్ల పుస్తకం ఒకప్పుడు తలా ఒక సంచిలో ఉండేవి. ఇప్పుడవన్నీ ఒక్క ఫోన్‌లోకి చేరాయి. అది ఘాట్ మెట్ల మీద చెయ్యి జారి గంగలో పడినా, స్టేషన్ రద్దీలో ఎవరైనా కొట్టేసినా అన్నీ ఒక్కసారే పోతాయి.

బ్యాకప్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లు కూడా ఇలాంటప్పుడు ఇరుక్కుంటారు. ఫొటోలూ కాగితాలూ క్లౌడ్‌లో భద్రంగానే ఉంటాయి. కానీ తెరవాలంటే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ వచ్చేది పోయిన ఫోన్‌కే. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసేసినట్టు అవుతుంది పరిస్థితి. కాబట్టి చేయాల్సిన పనులు రెండు: ఫైళ్లకు కాపీ తీయడం, మీ ఫోన్ చేతిలో లేకున్నా ఆ కాపీని తెరిచే దారి ఉంచుకోవడం. ఆండ్రాయిడ్ ఫోన్, జీమెయిల్ ఖాతా ఉన్నవాళ్ల కోసం ఈ రెండూ వరసగా చెబుతున్నాను. ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే హడావుడి ఉండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

• మీ జీమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ (గుర్తు లేకపోతే ఇప్పుడే మార్చుకోండి)
• ఇంట్లో వై-ఫై
• ఫోన్‌కు నేరుగా గుచ్చగలిగే ఓటీజీ పెన్‌డ్రైవ్, 64 లేదా 128 జీబీ
• ఒక కాగితం, పెన్ను
• మీతో ప్రయాణం చేసేవాళ్లలో ఒకరి ఫోన్

1. చోటు ఎంత మిగిలిందో చూడండి

గూగుల్ ఒక్కో ఖాతాకు 15 జీబీ ఉచితంగా ఇస్తుంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ ఈ 15 జీబీనే పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే వెళ్తుంది. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి.

గూగుల్ ఫొటోస్ తెరిచి, పైన కుడివైపు ఉన్న మీ బొమ్మ మీద నొక్కితే ఎంత వాడారో కనిపిస్తుంది. అది నిండిపోతే కొత్త ఫొటోలు ఎక్కవు, మెయిల్స్ కూడా రావు. అంటే రైలు, హోటల్ బుకింగ్ వివరాలు మెయిల్‌కు వచ్చే అవకాశమే ఉండదు. పనికిరాని పెద్ద వీడియోలు, పాత మెయిల్ అటాచ్‌మెంట్లు తీసేసి కనీసం నాలుగైదు జీబీ ఖాళీ చేసుకోండి. వీడియోలు ఎక్కువ తీసే అలవాటుంటే నెలవారీ రుసుముతో దొరికే 100 జీబీ ప్లాన్ ప్రయాణం వరకైనా తీసుకోవచ్చు.

2. ఫొటోల బ్యాకప్ ఆన్ చేయండి

గూగుల్ ఫొటోస్‌లో మీ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆన్ చేయండి. నాణ్యత ఎంచుకోమంటుంది. 'ఒరిజినల్' పెడితే ఉన్నది ఉన్నట్టు ఎక్కుతుంది. 'స్టోరేజ్ సేవర్' పెడితే సైజు తగ్గుతుంది. 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోలను, హెచ్‌డీ కన్నా పెద్ద వీడియోలను కుదిస్తుంది. యాత్ర ఫొటోలకు చాలామందికి ఇది చాలు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. ఫోన్‌లో చోటు కోసం గూగుల్ ఫొటోస్‌లో ఫొటో ఎంచుకుని డిలీట్ కొడితే, అది ఫోన్‌లోంచి మాత్రమే కాదు, క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత ఇక రాదు. చోటు కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' వాడండి. అది బ్యాకప్ అయినవాటినే, ఫోన్‌లోంచే తీస్తుంది.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాం కదా, అదే బ్యాకప్ అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది. మంచి ఫొటో పంపాలంటే అటాచ్‌లో 'డాక్యుమెంట్'గా పంపండి.

3. కాగితాలకు ఒక ఫోల్డర్ పెట్టండి

గూగుల్ డ్రైవ్‌లో 'యాత్ర' పేరుతో ఒక ఫోల్డర్ తెరవండి. అందులోనే స్కాన్ చేసే సదుపాయం ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. వీటిని స్కాన్ చేసి ఉంచండి:

• టికెట్లు, బస బుకింగులు, యాత్ర రిజిస్ట్రేషన్
• ఇంట్లో అందరి గుర్తింపు కార్డులు
• పెద్దవాళ్ల మందుల చీటీలు, ఆరోగ్య బీమా కార్డు
• ముఖ్యమైన పది ఫోన్ నంబర్లు రాసిన కాగితం

తర్వాత ఒక్కో ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్' ఎంచుకోండి. కొండదారిలో సిగ్నల్ లేకున్నా తెరుచుకుంటుంది. తెరుచుకుంటుందో లేదో ఫ్లైట్ మోడ్ పెట్టి చూడండి.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డిజీలాకర్‌లోకి కూడా తెచ్చుకోండి. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన సేవ ఇది. ఇందులో రెండు రకాలుంటాయి. 'ఇష్యూడ్ డాక్యుమెంట్స్' అంటే ఆ శాఖ నుంచే నేరుగా వచ్చినవి, వీటికి అసలు పత్రంతో సమానమైన గుర్తింపు ఉంది. మీరు ఫొటో తీసి అప్‌లోడ్ చేసినవాటికి ఆ విలువ లేదు. రైల్లో గుర్తింపుగా చూపడానికీ మొదటి రకమే చెల్లుతుంది.

హోటల్ వాళ్లకు ఇవ్వడానికి మాస్క్‌డ్ ఆధార్ దిగుమతి చేసుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వాటి వెంట పుట్టిన సంవత్సరం.

4. ఓటీపీ లేకుండా తెరిచే దారి

గైడ్ మొత్తంలో దేన్ని వదిలినా దీన్ని వదలకండి. ఓటీపీ రాని సందర్భాలు ప్రయాణంలోనే ఎక్కువ. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లడఖ్‌లలో పనిచేయవు, అక్కడ పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఫోన్ పోయి డూప్లికేట్ సిమ్ తీసుకున్నా, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన ప్రకారం 24 గంటల వరకు దానికి ఎస్సెమ్మెస్‌లు రావు. మీకు అవసరమైన ఆ రోజంతా ఓటీపీ ఉండదన్నమాట.

దీనికి మందు బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ'లోకి వెళ్లి 'టూ-స్టెప్ వెరిఫికేషన్' ఆన్ చేయండి. అందులోనే 'బ్యాకప్ కోడ్స్' ఉంటుంది. నొక్కితే ఎనిమిదేసి అంకెల కోడ్‌లు పది ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాయండి. పాస్‌వర్డ్ మాత్రం అదే కాగితం మీద రాయకండి. కాగితాన్ని ఫోన్ ఉండే హ్యాండ్‌బ్యాగులో కాకుండా, తోడుగా వచ్చేవాళ్ల సంచిలో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే ప్రయోజనం లేదు.

ఇంకో కాగితం మీద ఫోన్ ఐఎంఈఐ నంబర్ రాసుకోండి, ఫోన్ పోతే దాన్ని బ్లాక్ చేయించడానికి ఇది కావాలి. *#06# డయల్ చేస్తే కనిపిస్తుంది.

5. ఇంట్లోనే ఒకసారి రిహార్సల్ చేయండి

మీ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పక్కన పెట్టేయండి. తోడు వచ్చేవాళ్ల ఫోన్‌లో క్రోమ్ తెరిచి, 'ఇన్‌కాగ్నిటో' ట్యాబ్‌లో గూగుల్ డ్రైవ్‌కు వెళ్లండి. మీ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టండి. ఫోన్‌కు నోటిఫికేషన్ పంపాం అంటుంది. అక్కడ 'ట్రై అనదర్ వే' నొక్కి, బ్యాకప్ కోడ్ ఎంచుకుని, కాగితం మీదున్న మొదటి కోడ్ కొట్టండి. 'యాత్ర' ఫోల్డర్‌లోంచి ఒక టికెట్, గూగుల్ ఫొటోస్‌లోంచి ఒక ఫొటో తెరవండి. తెరుచుకున్నాయంటే మీ బ్యాకప్ పనిచేస్తున్నట్టే. లాగౌట్ అయి, వాడిన కోడ్‌ను కాగితం మీద కొట్టేయండి.

ఎక్కడైనా ఆగిపోతే సరిచేసుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. ముఖ్యంగా అమ్మానాన్నలు విడిగా వెళ్తుంటే వాళ్ల చేతే ఇది చేయించండి, మీరు చేసి చూపించి వదిలేయకండి.

6. దారిలో రోజూ రాత్రి చేయాల్సినవి

బసకు చేరాక, ఫోన్ చార్జింగ్‌కు పెట్టి వై-ఫై కలపండి. వై-ఫై పేరు రిసెప్షన్‌లో అడిగే కలపండి. గూగుల్ ఫొటోస్‌లో మీ బొమ్మ నొక్కి, బ్యాకప్ పూర్తయిందా, ఇంకా ఎన్ని మిగిలాయో చూడండి.

నెట్ సరిగా లేని చోట పెన్‌డ్రైవ్ అక్కరకొస్తుంది. ఫోన్‌కు గుచ్చి, 'ఫైల్స్' యాప్‌లో ఆ రోజు ఫొటోలు ఎంచుకుని 'కాపీ టు' కొట్టండి. 'మూవ్' కాదు. 4 జీబీ దాటిన వీడియో ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ పాత ఫ్యాట్32 పద్ధతిలో ఉందని అర్థం. ముందే ఇంటి దగ్గర ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి తీసుకెళ్లండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ప్రదేశంలో. ఫోన్, పెన్‌డ్రైవ్, క్లౌడ్ కలిస్తే ఆ లెక్క సరిపోతుంది. పెన్‌డ్రైవ్ మాత్రం ఫోన్ ఉన్న సంచిలో ఉంచకండి.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ప్రింట్ తీయాల్సి వస్తే ఆ ఒక్క ఫైలే మెయిల్ చేయండి, మీ ఖాతాలో లాగిన్ కాకండి.

7. ఫోన్ పోతే

కంగారు పడకుండా ఈ వరసలో చేయండి.

• తోడున్నవాళ్ల ఫోన్‌లోంచి గూగుల్ 'ఫైండ్ హబ్' తెరిచి ఫోన్‌ను లాక్ చేయండి. ఎక్కడుందో చూశాకే 'ఇరేజ్' నొక్కండి, చెరిపేశాక ఆచూకీ దొరకదు.
• నెట్‌వర్క్ కంపెనీకి ఫోన్ చేసి సిమ్ బ్లాక్ చేయించండి. బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
• పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ, ఐఎంఈఐ నంబర్‌తో 'సంచార్ సాథీ' పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. తర్వాత అది దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు.
• రిహార్సల్‌లో చేసినట్టే బ్యాకప్ కోడ్‌తో డ్రైవ్ తెరిచి టికెట్లు, మందుల చీటీలు తీసుకుని ప్రయాణం కొనసాగించండి.

ఈ పనులన్నిటికీ కలిపి ఒక సాయంత్రం చాలు. అన్నీ ఇప్పుడే కుదరకపోతే నాలుగు, ఐదు మాత్రం ఈ ఆదివారమే పూర్తిచేయండి. ఇంకో ఫోన్‌లో తెరిచి చూసేదాకా మీకు బ్యాకప్ ఉందని అనుకోకండి.