దొంగను కొడితే మన మీదే కేసా?

ప్రశ్న: తెల్లవారుజామున మా అక్క వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. బైకు మీద వచ్చిన ఇద్దరిలో ఒకడు దిగి, మెడలోని పుస్తెల తాడు పట్టి లాగాడు. తాడు ఒరుసుకుని మెడ తెగింది. అక్క చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో వాడి ముఖాన కొట్టింది. వాడు సిమెంటు రోడ్డు మీద పడ్డాడు, మణికట్టు విరిగింది. రెండోవాడు బండితో పారిపోయాడు. కేకలు విని వచ్చిన మా బావ, ఇరుగుపొరుగు వాళ్లు దొంగను కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. తర్వాత పోలీసులు తీసుకెళ్లారు. ఇప్పుడు వాడి తరఫువాళ్లు మా మీద ఎదురు కేసు పెడతామంటున్నారు. అక్క కొట్టిన మాట చెప్పొద్దని, వాడే జారిపడ్డాడని రాయమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీ అక్క కొట్టిన దెబ్బ వేరు, స్తంభానికి కట్టాక పడిన దెబ్బలు వేరు. మొదటిది ఆమె హక్కు. రెండోది నేరం. రెంటినీ కలిపేస్తే నష్టపోయేది మీ అక్కే.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు గురించి అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లున్నాయి. ఆత్మరక్షణ కోసం చేసిన పని అసలు నేరమే కాదని 34 చెబుతోంది. మన ఒంటినీ, సొత్తునే కాదు, పక్కవాళ్ల ఒంటినీ, సొత్తునూ కాపాడే హక్కు కూడా 35 ఇస్తోంది. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. దాడి ప్రయత్నమో బెదిరింపో చూసి ప్రమాదం ఉందని సహేతుకంగా భయపడిన క్షణం నుంచే ఒంటిని కాపాడుకునే హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది.

గొలుసు లాక్కుపోతే 304వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. కానీ మీ అక్క మెడ తెగింది. సొత్తు తీసుకుపోవడానికి కావాలని గాయపరిస్తే అది 309 కింద దోపిడీ, యావజ్జీవం లేదా పదేళ్ల వరకు కఠిన జైలు శిక్ష. దోపిడీ చేస్తున్నవాణ్ని అడ్డుకునే క్రమంలో వాడి ప్రాణం పోయినా, అవసరానికి మించి హాని చేయకపోతే చాలు, 41వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అలాంటప్పుడు చెంబు దెబ్బ గురించి మీరు బెంబేలెత్తాల్సిన పని లేదు. ఎముక విరగడాన్ని చట్టం తీవ్ర గాయంగా లెక్కిస్తుంది కాబట్టి అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. దానికి మీ జవాబు ఆత్మరక్షణే.

ప్రాణం మీదికి వస్తుందనో, తీవ్ర గాయమవుతుందనో భయం కలిగించే దాడి, అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ పోయడం వంటి సందర్భాల్లో 38వ సెక్షన్ కూడా ఇలాంటి రక్షణే ఇస్తోంది.

ముప్పులో ఉన్న మనిషి దెబ్బను బంగారం తూచినట్టు తూచకూడదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కు సూత్రాలన్నీ ఒకచోట చేర్చింది. అయితే ఈ హక్కుకు హద్దు కూడా ఉంది. 37వ సెక్షన్ ప్రకారం కాపాడుకోవడానికి అవసరమైన దానికి మించి హాని చేయకూడదు. దొంగ కిందపడి, చేయి విరిగి, చుట్టూ జనం చేరి, తాళ్లతో కట్టేశాక ఇక ముప్పెక్కడిది? అక్కడితో హక్కు ముగిసింది. తర్వాత కొట్టింది కసి. ఆవేశంలో కొట్టామంటే శిక్ష తగ్గొచ్చేమో గానీ నేరం పోదు.

మరి పట్టుకోకూడదా? పట్టుకోవచ్చు. కళ్లెదుటే ఇలాంటి నేరం చేసినవాణ్ని మామూలు పౌరుడు కూడా అరెస్టు చేయవచ్చని, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. కాకపోతే ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పారిపోకుండా పట్టి ఉంచడం వరకే, చేయి చేసుకోవడం అందులో లేదు.

ఇక ‘జారిపడ్డాడు’ అనే సలహా. దయచేసి వినకండి. ఆత్మరక్షణ అని చూపించుకునే భారం మన మీదే ఉంటుంది. అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని కోర్టుకు అనిపిస్తే చాలు. కానీ మొదటి ఫిర్యాదులో అసలు కొట్టలేదని రాసి, తర్వాత ఆత్మరక్షణకే కొట్టానంటే ఎవరు నమ్ముతారు? పైగా మణికట్టు ఎలా విరిగిందో మీరు చెప్పకపోతే, ఆ గాయం కూడా స్తంభం దగ్గర కొట్టినవాళ్ల ఖాతాలో, అంటే మీ బావ ఖాతాలో పడుతుంది. తీవ్ర గాయం చేసిన నేరానికి ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు.

కాబట్టి చేయాల్సినవి ఇవి. అక్కను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి మెడ గాయాన్ని మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ)గా నమోదు చేయించండి. గాయం మానకముందే ఫొటోలు తీయండి. తెగిన తాడు ముక్కల్ని, చెంబును కడగకుండా పోలీసులకు ఇవ్వండి. వీధిలో సీసీ కెమెరా ఉంటే ఆ దృశ్యాలు చెరిగిపోకముందే భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదులో వాడు లాగడం, మెడ తెగడం, అక్క కొట్టడం, వాడు పడటం వరసగా రాయండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించండి. ఊరు కాని ఊళ్లో దాడి జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు.

పెప్పర్ స్ప్రే గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. దగ్గర ఉంచుకోండి. కానీ దాన్నీ ముప్పు ఉన్నప్పుడే వాడాలి. మాటామాటా పెరిగిన చోట స్ప్రే కొట్టినవారిపై కేసు కొట్టేయడానికి 2024లో కర్ణాటక హైకోర్టు నిరాకరించింది, ప్రాణానికి తక్షణ ముప్పేమీ లేదని చెప్పింది.

ఎదురుతిరగడం హక్కే గానీ విధి కాదు. కత్తి మెడ మీద ఉన్నప్పుడు గొలుసు ఇచ్చేయండి. బతికుంటే బలుసాకు తినొచ్చు. కేకలు వేయండి, బండి నంబరు గుర్తుపెట్టుకోండి, 112కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు 181 సాయం ఉంది.

మీ బావ మీద కేసు వస్తే వేరుగా న్యాయవాదిని పెట్టుకోవాలి. మీ అక్కకు మాత్రం ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఇంకా ఫిర్యాదు రాసివ్వకపోతే ఈరోజే ఇవ్వండి, జరిగింది జరిగినట్టే రాయండి.