సంప్రదాయ ఇంజిన్ ఆయిల్‌లో సింథటిక్ భాగం: ట్రాక్టరు యజమానులు గ్రహించవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

సేద్యంలో అదనుకు సాటి వచ్చే పెట్టుబడి లేదు. తొలకరి పదును ఆరకముందే దుక్కి పూర్తి కాకపోతే ఎంత మేలైన విత్తనమైనా తన పూర్తి సామర్థ్యాన్ని చూపలేదు. నేడు ఆ అదను చాలావరకు ట్రాక్టరుపై, ట్రాక్టరు ఆయుర్దాయం దాని ఇంజిన్ ఆయిల్‌పై ఆధారపడి ఉన్నాయి. ఆయిల్ డబ్బాలపై ‘మినరల్’, ‘సెమీ సింథటిక్’, ‘ఫుల్లీ సింథటిక్’ అనే పేర్లు, వాటితోపాటు ధరలలో గణనీయమైన వ్యత్యాసం కనిపిస్తాయి. సంప్రదాయ ఆయిల్‌లోనూ సింథటిక్ ఉంటుందా, ఉంటే ఎంత, అది రైతుకు ఏ మేరకు ఉపకరిస్తుంది అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మూల నూనెల వర్గీకరణ

ఇంజిన్ ఆయిల్‌లో సుమారు 75 నుండి 90 శాతం మూల నూనె. మిగిలినది మసిని విడగొట్టే, అరుగుదలను తగ్గించే, ఆమ్లాలను తటస్థీకరించే రసాయనాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎ.పి.ఐ.) మూల నూనెలను ఐదు గ్రూపులుగా విభజించింది.

గ్రూప్ 1 నూనెలలో సంతృప్త హైడ్రోకార్బన్లు 90 శాతం కంటే తక్కువగానో, గంధకం 0.03 శాతం కంటే ఎక్కువగానో ఉంటుంది. గ్రూప్ 2 నూనెలను హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తారు; వీటిలో సంతృప్తాలు 90 శాతం, ఆపైన. ఈ రెండింటి స్నిగ్ధతా సూచిక 80 నుండి 120 లోపు. హైడ్రోజన్ ప్రక్రియను మరింత తీవ్రతరం చేసి ఆ సూచికను 120కి, ఆపైకి చేర్చినవి గ్రూప్ 3. పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు గ్రూప్ 4. ఎస్టర్లు మొదలైన తక్కినవన్నీ గ్రూప్ 5. మొదటి మూడు గ్రూపులూ సాధారణంగా ముడిచమురు శుద్ధి ద్వారా లభించేవేనన్నది గమనార్హం.

‘సింథటిక్’ అర్థం మారిన తీరు

తొలుత ఈ పదం చిన్న అణువుల నుండి రసాయనికంగా నిర్మించిన గ్రూప్ 4, గ్రూప్ 5 నూనెలకే వర్తించేది. 1990వ దశకంలో క్యాస్ట్రాల్ సంస్థ అమెరికాలో తన ‘సిన్‌టెక్’ ఆయిల్‌లో గ్రూప్ 3 నూనెను వాడగా, అది సింథటిక్ కాదని మొబిల్ సంస్థ అక్కడి ప్రకటనల వివాద పరిష్కార విభాగానికి ఫిర్యాదు చేసింది. 1999లో నిర్ణయం క్యాస్ట్రాల్‌కు అనుకూలంగా వెలువడింది. నాటినుండి అక్కడి విపణిలో గ్రూప్ 3 కూడా సింథటిక్‌గానే చెలామణి అవుతున్నది.

సంప్రదాయ ఆయిల్‌లోకి సింథటిక్ ప్రవేశం

పలుచని నూనె వేడికి త్వరగా ఆవిరవుతుంది. 250 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు వేడిచేసి ఆవిరి నష్టాన్ని కొలిచే పరీక్షను నోయాక్ పరీక్ష అంటారు. 2001లో వచ్చిన జి.ఎఫ్-3 ప్రమాణం పెట్రోలు ఇంజిన్ ఆయిళ్లలో ఈ నష్ట పరిమితిని 22 నుండి 15 శాతానికి తగ్గించింది. 5డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 వంటి పలుచని గ్రేడ్లలో ఈ పరిమితిని సాధారణ మూల నూనెతో అందుకోవడం కష్టం. అందువల్ల సంప్రదాయ ఆయిల్ పేరుతో విక్రయించే వాటిలోనూ తయారీదారులు కొంత గ్రూప్ 3 నూనెను కలపసాగారు.

ఆ భాగం ఎంతో కొనుగోలుదారుకు తెలిసే మార్గం దాదాపు లేదు. ‘సెమీ సింథటిక్’ అనే పేరుకు సైతం సర్వత్రా అంగీకరించిన కనీస శాతం లేదు. భద్రతా సమాచార పత్రాన్ని చూసినా, హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన నూనెకు ఇచ్చే ఒకే రసాయన గుర్తింపు సంఖ్య గ్రూప్ 2కూ, గ్రూప్ 3కూ వర్తించవచ్చు.

ట్రాక్టరుకు అన్వయం

మన ట్రాక్టర్లలో విరివిగా వాడే 15డబ్ల్యు-40 చిక్కని గ్రేడు. దీని తయారీకి గ్రూప్ 3 ఆవశ్యకత తక్కువ. 15డబ్ల్యు ఆయిల్‌ను ఇంజిన్ స్టార్టింగు విషయంలో మైనస్ 20 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. లంబసింగి చలిలోనూ అంతటి శీతలం ఉండదు కనుక, సింథటిక్ యొక్క ప్రధాన ప్రయోజనమైన చలి తట్టుకునే గుణం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. వేడికి త్వరగా చెడకపోవడం మాత్రం నిజమైన మేలే.

అయితే పొలంలో ఆయిల్‌ను పాడుచేసేది వేడి ఒక్కటే కాదు. రోటవేటరు లేపే దుమ్ము, మసి, ఆయిల్‌లో కలిసే డీజిల్, దమ్ములో చేరే నీరు ఏ మూల నూనెనూ విడిచిపెట్టవు. నేను చూసిన ఒక ఉదంతంలో, ‘ఫుల్లీ సింథటిక్’ కదా అనే ధీమాతో రైతు 250 గంటలకు మార్చవలసిన ఆయిల్‌ను 500 గంటల వరకు కొనసాగించాడు. ఎయిర్ క్లీనర్ గొట్టంలోని పగులు గుండా దుమ్ము చేరి, పిస్టన్ రింగులు అరిగి, సరిగ్గా దమ్ము రోజులలో ఇంజిన్ విప్పవలసి వచ్చింది. నాట్లు ఆలస్యమయ్యాయి. అక్కడ మోసగించినది ఆయిల్ కాదు, పేరుపై పెట్టుకున్న నమ్మకం.

ఖర్చు లెక్క కూడా సరళమే. సింథటిక్ ధర 1.8 రెట్లు అనుకుంటే, మార్పు వ్యవధి మారనప్పుడు గంటకయ్యే ఆయిల్ ఖర్చు కూడా 1.8 రెట్లే.

సిఫార్సులు

1. డబ్బాపై సింథటిక్ అనే మాటకంటే ముందు ఎస్.ఎ.ఇ. గ్రేడును, ఎ.పి.ఐ. శ్రేణిని ట్రాక్టరు చేతిపుస్తకంతో సరిచూడాలి. సి.ఐ-4 సూచించినచోట సి.ఎఫ్-4 వాడరాదు.
2. పొగగొట్టంలో మసి వడపోత సాధనం గల ట్రాక్టర్లకు సి.కె-4 వంటి తక్కువ బూడిద గల ఆయిల్‌నే, తయారీదారు సూచన మేరకు వాడాలి.
3. ఆయిల్ మార్పును అవర్ మీటరు ప్రకారం చేపట్టాలి. ఆయిల్‌తోపాటు ఫిల్టరునూ మార్చాలి.
4. దుమ్ము పనులలో ఎయిర్ క్లీనరును, దాని గొట్టాలను ప్రతిదినం పరిశీలించాలి.
5. ఆయిల్ పాలవలె తెల్లబడినా, మట్టం దానంతటదే పెరిగినా వెంటనే ఇంజిన్ ఆపి మెకానిక్‌కు చూపించాలి.
6. వాడిన ఆయిల్‌ను కాలువలోగాని, గట్లపైగాని పారబోయరాదు.

ముగింపు

సంప్రదాయ, సింథటిక్ ఆయిళ్ల మధ్య గీత డబ్బాపై కనిపించినంత స్పష్టమైనది కాదు. తెలియని శాతం కోసం అధిక ధర చెల్లించడం కంటే, తెలిసిన ప్రమాణం గల ఆయిల్‌ను సకాలంలో మార్చుకోవడమే సేద్యపు అదనును కాపాడే మార్గం.