పైపు కింద చూసే మనిషికి పని ఉంది

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి గ్యాస్ వెళ్లాల్సిన గొట్టంలో తడి గ్యాస్ పంపడంతో లోపల నీరు నిలిచి, తుప్పు పైపును తినేసిందని విచారణలో తేలింది. అప్పుడు ప్రైమరీ స్కూల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు ఐటీఐ, డిప్లొమా ముగించే వయసుకొచ్చారు. తుప్పును ముందే పసిగట్టి ఆపే పని వాళ్లు నేర్చుకోవాలన్నది నా కోరిక.

నగరం గ్రామంలో తుప్పు పట్టింది భూమిలోని పైపు లోపల. ప్లాంట్లలో కళ్లెదుట ఉన్న పైపులకు కూడా ఎవరూ చూడని చోటు ఒకటుంటుంది. అది సపోర్టు మీద పైపు ఆనే చోటు. వంటింట్లో గ్యాస్ బండ జరిపితే గచ్చు మీద తుప్పు వలయం కనబడుతుంది, బండ మీద రంగు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇక్కడా అంతే. పైపు వేడికి సాగి, చల్లారాక ముడుచుకుంటూ బీము మీద రాసుకుంటుంది. పెయింటు లేచిపోతుంది. ఆ సందులోకి చేరిన వాన నీరు, సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఎండ తగలక అక్కడే ఉండిపోతాయి. సందు అంచుల్లో ఆక్సిజన్ అందుతుంది, లోపల అందదు. ఆ తేడాతో లోపలి ఇనుము త్వరగా కరుగుతుంది. పెయింటరు బ్రష్షు అక్కడికి దూరదు. ఓడలరేవు, గాడిమొగ గ్యాస్ టెర్మినళ్ల లాంటి తీరప్రాంత ప్లాంట్లకు ఈ బెడద మరీ ఎక్కువ.

నివారణ కష్టమేమీ కాదు, శ్రద్ధ కావాలి. పైపు కింద రబ్బరు ముక్క పెట్టి చేతులు దులుపుకుంటే అది నీటిని పట్టి ఉంచి ఇంకా చెడగొడుతుంది. అర్ధచంద్రాకారపు గట్టి ప్లాస్టిక్ కడ్డీని చదును వైపు బీము మీద, గుండ్రటి వైపు పైపుకు ఆనేలా పెడితే నీరు నిలవదు, టార్చి వేస్తే సందు కనబడుతుంది. ఎపాక్సీతో పూర్తిగా అతికించిన ఫైబర్ ప్యాడ్ కూడా మంచిదే. స్టీలు ప్యాడ్ అయితే చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేయాలి. అక్కడక్కడా ట్యాకులు వేసి వదిలేస్తే నీరు లోపలికి పోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: లైను నడుస్తుండగా సపోర్టు దగ్గరి తుప్పు పెచ్చును సుత్తితో కొట్టకండి, గీకకండి. కింద మిగిలిన గోడ ఎంత పలచగా ఉందో తెలియదు, ఆ పెచ్చే లీకును ఆపుతూ ఉండొచ్చు.

ఈ రంగంలోకి ఐటీఐ ఫిట్టర్లు, వెల్డర్లు, మెకానికల్ డిప్లొమా వాళ్లు, కెమిస్ట్రీ చదివినవాళ్లు రావచ్చు. రాజమహేంద్రవరం ఓఎన్‌జీసీ అప్రెంటిస్ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. సర్టిఫికెట్లు ఆ తర్వాత. పెయింటు పనుల తనిఖీ వైపు వెళ్లేవాళ్లకు ఏఎంపీపీ వారి సీఐపీ లెవెల్ 1, పైపుల తనిఖీలో ఎదిగినవాళ్లకు ఏపీఐ 570 ఉన్నాయి. రెండోదానికి చదువుతోపాటు అనుభవం చూపితేనే పరీక్షకు అనుమతి.

పైపును కోయకుండా, పాడుచేయకుండా పరీక్షించే ఎన్‌డీటీ కోర్సుల దగ్గర జాగ్రత్త. కొద్ది రోజుల్లో అయిదారు పద్ధతుల్లో లెవెల్ 2 ఇస్తామనే ప్రకటనలు చూసి ఫీజు కట్టకండి. ఎన్‌డీటీ సిబ్బంది సర్టిఫికెట్లకు వాడే ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ పద్ధతిలో సర్టిఫై చేయాల్సింది ఉద్యోగమిచ్చే కంపెనీ. శిక్షణ గంటలు, సైటులో పనిచేసిన అనుభవం కాగితం మీద చూపాలి. కంపెనీ మారితే కొత్త కంపెనీ మళ్లీ సర్టిఫై చేయాలి. మొదట అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ కొలవడం ఒక్కటి బాగా పట్టుకోండి. ప్రోబ్ పెట్టే చోటు శుభ్రం చేయడం, క్యాలిబ్రేషన్ బ్లాకు మీద మీటరు సరిచూడడం, వచ్చిన రీడింగును పాత రీడింగుతో పోల్చడం చేతికొస్తే షట్‌డౌన్ పనుల్లో సూపర్‌వైజరే మిమ్మల్ని వెతుక్కుంటాడు.

మన జిల్లాల నుంచి గల్ఫ్ రిఫైనరీల షట్‌డౌన్‌లకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఏజెంటు ఊరివాడైనా, బంధువైనా సరే, లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూశాకే పాస్‌పోర్టు చేతికివ్వండి. జీతం, డ్యూటీ గంటలు, వసతి రాసి ఉన్న ఒప్పందం కాపీ ఒకటి ఇంట్లో ఉంచి బయలుదేరండి.