మన దిక్కు బొమ్మలు - గుడ్డ, రేకు, గాజు, అద్దం



ఈసారి మన గోడపత్రికకు "మన ప్రాంత చిత్రకారులు" అనే పాఠం రాయమని డ్రాయింగు సారు నాకు చెప్పారు. నేను తొమ్మిదో తరగతి. చిత్రకారుడు అంటే స్టాండు మీద గుడ్డ బిగించి, కుంచె పట్టుకొని నిలబడే మనిషి అని అనుకునేదాన్ని. "మా తండాల అట్లాంటోళ్ళు ఎవరూ లేరు సార్" అన్నాను. సారు నవ్వి, "మీ దాది ఫేట్యా ఎవరు కుట్టిండ్రు?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు సారు ఇచ్చిన పుస్తకాలలో చదివినవి, నేను కళ్ళతో చూసినవి చెబుతాను.

పోయినేడు మనమంతా మెదక్ చర్చికి పోయినం కదా! అది 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అందులోని రంగుగాజు కిటికీలకు బొమ్మలు గీసినాయన ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడు. ఆయన మనవాడు కాదు. కానీ ఆ కిటికీ నాకు ఒక సంగతి నేర్పింది. బయట నిలబడి చూస్తే అది నల్లగా, మసి పట్టినట్టు కనబడుతుంది. లోపలికి పోయి చూస్తే నీలం, ఎరుపు, పసుపు రంగులు వెలుగుతాయి. పొద్దు గుంకితే బొమ్మ కూడా పోతుంది. అంటే అక్కడ సగం పని సూర్యుడిదే. కాగితం మీద బొమ్మకు ఆ గుణం లేదు. ఏ వస్తువు మీద బొమ్మ వేస్తామో, ఆ వస్తువు తన మాట కూడా కొంత వినమంటుంది.

ఇక మన జిల్లా మనిషి సంగతి. కె. లక్ష్మాగౌడ్ గారు 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్ అనే పల్లెలో పుట్టారు. హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, తర్వాత బరోడాకు పోయి గోడ చిత్రాలు, అచ్చు చిత్రాలు నేర్చుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. అంత చదువు చదివి ఆయన గీసినవి ఏమిటంటే మేకలు, చెట్లు, పల్లెటూరి ఆడోళ్ళు, మగోళ్ళు. మేకను గీస్తే పేరు వస్తుందని నాకు ఇంతకు ముందు తెలియదు. (మా ఇంట్లో పదకొండు మేకలు ఉన్నాయి.)

ఆయనకు పేరు తెచ్చిన పని ఎచింగ్. దీన్ని శ్రద్ధగా చదవండి, ఎందుకంటే ఇందులో మన సైన్సు పాఠం కూడా ఉంది. రాగి రేకు గానీ జింకు రేకు గానీ తీసుకొని దాని మీద మైనం వంటి పూత పూస్తారు. ఆరిన తర్వాత సూదిమొన వంటి పనిముట్టుతో పూత మీద గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. అప్పుడు రేకును ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం పూతను ఏమీ చేయదు, బయటపడ్డ గీతలను మాత్రం తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా వస్తుంది, తొందరగా తీస్తే సన్నగా వస్తుంది. తర్వాత పూత తీసేసి, సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం వేసి యంత్రంలో నొక్కితే బొమ్మ కాగితానికి ఎక్కుతుంది. అయితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది! కుడివైపు చూసే మేక కావాలంటే రేకు మీద ఎడమవైపు చూసే మేకను గీయాలి. నేను నోటుబుక్కులో గీసి అద్దంలో చూసుకున్నాను, మేక కుక్క లెక్క వచ్చింది.

ఆయన ఎచింగ్‌తోనే ఆగిపోలేదు. పెన్సిలు, నీటిరంగులు, గాజు వెనక వేసే బొమ్మలు, కాల్చిన మట్టి, కంచు, అన్నీ పట్టారు. ఒకటి బాగా వచ్చినాక ఇంకొకటి ఎందుకు అని నేను సారును అడిగాను. "చేతికి అలవాటైపోతే కన్ను నిద్రపోతది" అన్నారు సారు. అది లక్ష్మాగౌడ్ గారి మాట కాదు, మన సారు మాటే.

కాపు రాజయ్య గారిది సిద్దిపేట. 2016లో జిల్లాలు విడిపోకముందు సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోదే. ఆయన 1925లో పుట్టి 2012లో చనిపోయారు. డ్రాయింగు మాస్టరుగా పనిచేసినాయన అని చదివి మన సారు వైపు ఇంకోసారి చూశాను. బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు ఆయన బొమ్మల్లో ఉంటాయి. నకాషీల పాత పద్ధతిని చూసి, దాన్ని తన పద్ధతిగా మార్చుకున్నారు.

ఆ నకాషీలు ఎవరంటే చేర్యాలలో పటాలు వేసేవాళ్ళు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. అట్లా చేస్తేనే గుడ్డ రంగును తాగకుండా ఉంటుంది. నేపథ్యం ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. పాత పటాలు ముప్పై నలభై అడుగుల పొడవు కూడా ఉండేవి. కథ చెప్పేవాళ్ళు వాటిని విప్పుకుంటూ ఒక్కొక్క గడి చూపిస్తూ పాడేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు వాళ్ళ కులకథ, ఇట్లా ఎవరి పటం వారికే. ఇప్పుడు కథ చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. అందుకని నకాషీ కుటుంబాలు చిన్న పటాలు, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో ముసుగులు చేసి అమ్ముతున్నాయి. పటం చిన్నదైతే కథ ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు.

ఇక దాది సంగతి. దసరా సెలవుల్లో తండాకు పోయి "దాదీ, నీ ఫేట్యా చూపియ్యి" అన్నాను. ఏడుపాయల జాతరకు పోయినప్పుడల్లా దాది అదే కట్టేది. నడుస్తుంటే అద్దాలు మెరిసేవి. దాది పెట్టె తెరిచింది. ఫేట్యా లేదు, ఒక్క కాంచళి ఉంది. స్టీలు సామాన్ల మనిషి వస్తే యాడి పాత బట్టలతో పాటు ఫేట్యా కూడా ఇచ్చి రెండు బిందెలు తీసుకుందట. యాడిని నేను ఏమనాలి? రోజూ నీళ్ళు తెచ్చేది ఆమే. దాది కూడా ఏమీ అనలేదు. "కుట్టనీకి రెండు ఎండకాలాలు పట్టింది" అని మాత్రం మా భాషలో అని, పెట్టె మూసింది.

మరునాడు కాంచళిని ముందు పెట్టుకొని పెన్సిలుతో గీశాను. గీతలు వచ్చాయి గానీ మెరుపు రాలేదు. అప్పుడు దాది సూది, దారం నా చేతికిచ్చింది. అద్దానికి రంధ్రం ఉండదు, దాన్ని సూదితో గుచ్చలేం. కాబట్టి ముందు అద్దం మీదుగా అటు రెండు, ఇటు రెండు దారాలు బిగించి చిన్న చట్రం కట్టాలి. తర్వాత ఆ చట్రం కిందినుంచి సూది దూర్చి, గుడ్డలో గుచ్చి, దారాన్ని ముడిలాగా లాగుతూ చుట్టూ రావాలి. లాగినకొద్దీ చట్రం అంచులకు జరిగి, నడుమ అద్దం గుండ్రంగా బయటపడుతుంది. గట్టిగా లాగితే దారం తెగుతుంది, వదులైతే అద్దం జారుతుంది. నాకు రెండుసార్లు జారింది.

దాదికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం కనబడదు. కానీ పోయిన ఫేట్యా అంచు ఆమెకు ఇంకా గుర్తుంది. కళ్ళు మూసుకొని వేలితో గాలిలో చూపిస్తుంటే నేను గళ్ళ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. ఇప్పటికి నాలుగు వరుసలు అయినవి. ఆరు ఉండెనట. మిగతా రెండూ సంక్రాంతి సెలవుల్లో రాసుకోవాలి.

మీ ఇండ్లలో కూడా పాత ఫేట్యా, కాంచళి, టుక్రీ ఏమైనా ఉంటే, స్టీలు సామాన్ల మనిషి రాకముందే ఒకసారి గళ్ళ కాగితం మీద గీసుకొని తీసుకురండి. వచ్చే సంచికలో అంటిద్దాం అని సారు ఒప్పుకున్నారు.

ఈ కాగితం కింది మూలకు కుట్టిన గుడ్డముక్క నా మూడో ప్రయత్నం. అద్దం ఇంకా కొంచెం వదులుగానే ఉంది, దయచేసి వేలు పెట్టకండి.